ఎడమవైపు కిరాయికి దిగినామె

జూన్ 8, ఆదివారం

తలకు పోసుకుంటుంటే చేతికి తగిలింది. ఎడమ రొమ్ములో, చంక వైపుకు, శనగగింజంత. గట్టిగా ఉంది. నొక్కితే నొప్పి లేదు. సబ్బు రాసి మళ్ళీ వెతికితే దొరకలేదు. అమ్మయ్య అనుకుని ఇంకోసారి వెతికితే దొరికింది. బకెట్లో నీళ్ళు చల్లారేదాకా వెతుకుతూనే నిలబడ్డాను. బయట అత్త జంగమ్మ తలుపు బాది, "ఏం పిల్లా, తానం చేస్తున్నవా, బాయి తవ్వుతున్నవా?" అని అరిచింది.

ఏమీ కాదు. నలభై అయిదు దాటాక ఒంట్లో ఇట్లాంటివి వస్తుంటాయి, పోతుంటాయి. ఎవరికైనా చెప్పేంత పెద్ద సంగతి కాదు, లోపల దాచుకునేంత చిన్నదీ కాదు. అందుకే ఇందులో రాస్తున్నాను. ఎరువుల దుకాణం వాళ్ళు మా ఆయన శ్రీశైలానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ టీవీ వెనకాల ఊరికే పడి ఉంది.

జూన్ 9

ఉంది.

జూన్ 12, గురువారం

మేడమీద మూడు గదులు కిరాయికిస్తాం. మొయినాబాదులో ఇప్పుడు ఎవరింట్లో చూసినా ఇదే పని. కాలేజీ పిల్లలు, స్కూలు టీచర్లు, ఫాంహౌసుల్లో పనిచేసేవాళ్ళు, ఎంతమంది వచ్చి పోయారో. సామాను దించేటప్పుడు ఒక్కసారి చూస్తే చాలు, మనిషి ఎట్లాంటిదో నేను చెప్పేస్తాను. చెప్పులు గుమ్మంలో విసిరేసేవాళ్ళు నీళ్ళ మోటారు ఆపరు. గోడకు మేకు కొట్టుకోవచ్చా అని ముందే అడిగేవాళ్ళు ఏళ్ళ తరబడి ఉంటారు. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు మా గల్లీలో లేరు.

ఇవాళ బియ్యం ఏరుతుంటే, ఇదీ అంతే కదా అనిపించింది. ఎవరో ఒకామె నా ఎడమవైపు కిరాయికి దిగింది. అడగకుండా దిగింది, అది తప్పే. కానీ సామాను లేదు, వచ్చిపోయే చుట్టాలు లేరు, గోల లేదు. ఏ కష్టం వచ్చి దిగిందో పాపం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మనం మర్యాదగా ఉంటే కొన్నాళ్ళకు తనే వెళ్ళిపోతుంది.

అట్లా అనుకోగానే ప్రాణం తేలికపడింది. గడ్డ అనుకుంటే గుండె దడదడమంటుంది. ఆమె అనుకుంటే ఏమీ లేదు. మధ్యాహ్నం అన్నం కూడా కడుపునిండా తిన్నాను. నాకు భయం లేదు.

జూన్ 15, ఆదివారం

అత్తకు షుగరు వచ్చి ఇరవై ఏళ్ళయింది. దాన్ని ఆమె షుగరు అనదు, సవతి అంటుంది. పొద్దున్నే వేలికి సూది గుచ్చుకుని, మిషన్లో నెంబరు పింకీతో చదివించుకుని, తిట్లు మొదలుపెడుతుంది. పింకీ మా ఒక్కగానొక్క కూతురు, చేవెళ్లలో డిగ్రీ చదువుతోంది. ఇవాళ నెంబరు ఎక్కువే ఉంది.

"ఏమే సవతీ, నిన్న నేను రెండు లడ్డూలు తింటే నీ కండ్లు మండినయా? ఉండు, నీ సంగతి చెప్త" అని కొంగు దోపింది. కాకరకాయ రసం గటగటా తాగి, తోట దాకా నడిచి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి.

"అవ్వా, ఎప్పుడూ తిడుతనే ఉంటవ్. ఆమె కూడ అలసిపోతదేమో" అంది పింకీ.

"సవతితోని కయ్యం బందు పెట్టినమనుకో బిడ్డా, మొగుణ్ణొక్కణ్ణే కాదు, ఇల్లు మొత్తం గుంజుకుంటది."

నవ్వలేక చచ్చాం ఇద్దరం. అత్తది సవతి కాబట్టి రోజూ కొట్లాట. నాది అట్లా కాదు. కిరాయికి ఉన్నవాళ్ళతో రోజూ ఎవరైనా కొట్లాడతారా? ఎవరి మర్యాద వాళ్ళది.

జూన్ 19, గురువారం

మేడమీద మధ్య గదిలో ఉండే సమత కిందికి వచ్చింది. ఇక్కడ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇప్పుడు కొండకల్ దగ్గర ఆఫీసులో ఉద్యోగం దొరికిందట, అటువైపే గది చూసుకుందట.

"ఆంటీ, నెలాఖరుకు ఖాళీ చేద్దామనుకుంటున్న" అంది.

నేను సరే అనేలోపే అత్త అందుకుంది. "నెలాఖరుకా? అప్పటికి ఆషాఢం పడుతది బిడ్డా. ఆషాఢంల ఎవలన్న ఇల్లు మారుతరా? పొయ్యి కదిలిస్తరా? గా నెల పోనీ. శ్రావణంల మంచి రోజు చూసుకొని పాలు పొంగిచ్చుకో."

"ఉద్యోగం అవ్వా, వాళ్ళు జల్దీ రమ్మంటున్నరు."

"రోజు బస్సుల పోయి రా. ఇల్లు మాత్రం కదలొద్దు. శూన్యమాసంల దిగినోళ్ళకూ మంచిది కాదు, దించినోళ్ళకూ మంచిది కాదు."

సమత నా వైపు చూసింది. నేను కూడా తలూపాను. ఈ ఇంట్లో పన్నెండేళ్ళుగా ఆషాఢంలో ఎవరినీ దించుకోలేదు, ఎవరినీ ఖాళీ చేయించలేదు. ఆ మాట మీదే ఉన్నాం. సమత సరేనని పైకి వెళ్ళింది.

వంటింట్లోకి వచ్చాక తట్టింది. ఎడమవైపు ఆమెకు కూడా ఇదే పద్ధతి కదా. దవాఖానకు పోతే కోసి తీసేస్తామంటారు. అంటే ఆషాఢంలో ఖాళీ చేయించడమే. అది మనకు లేదు. ఇంక ఎట్లాగూ వారమే ఉంది, ఈ వారంలో ఏం చూపించుకుంటాం? శ్రావణం రానీ. శ్రావణంలో చెబుతాను.

జూన్ 22, ఆదివారం

ఒక్కదాన్నే చేవెళ్ల పోయాను. మొయినాబాదులో అయితే ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తుంది. బస్టాండు దగ్గర దిగి, లేడీ డాక్టరు బోర్డు ఉన్న సందు దాకా నడిచాను. బయట బెంచీ మీద ఇద్దరు గర్భిణులు, ఒక ముసలామె. లోపలి నుంచి మందుల వాసన వచ్చింది.

ఆదివారం కదా, డాక్టరు ఉండదేమో అనుకున్నాను. ఉన్నట్టు తెలుస్తూనే ఉంది, తలుపు తీసి ఉంది, నర్సు పేర్లు పిలుస్తోంది. అయినా ఎండ ఎక్కువగా ఉంది. పింకీకి క్లిప్పులు, అత్తకు కాకరకాయలు కొనుక్కుని వచ్చేశాను. చేవెళ్లలో కూరగాయలు తాజాగా ఉంటాయి, ఊరికే పోయినట్టు కాలేదు.

జూన్ 26, గురువారం

ఇవాళ్టి నుంచి ఆషాఢం. ఇంక ఎవరినీ కదిలించే పని లేదు. హాయిగా ఉంది.

జూన్ 29, ఆదివారం

వాడకట్టులో బోనాల మాటలు మొదలయ్యాయి. వేపమండలు చూస్తే నాకు మా ఊరు ఆలూరు గుర్తొస్తుంది, అమ్మ గుర్తొస్తుంది. గుర్తు చేసుకోవద్దనుకుంటూనే ఉన్నాను.

అమ్మకు జబ్బు చేసినప్పుడు నాకు ఇప్పటి పింకీ ఈడే. ఏం జబ్బో ఎవరూ చెప్పలేదు. మా నానమ్మ మాత్రం "తల్లి వచ్చి కూసున్నది, మొక్కుకుంటే పోతది" అనేది. అమ్మ మంచం చుట్టూ వేపాకు కట్టారు. పోపు పెట్టడం మానేశారు. ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషీ అమ్మ ముందు చేతులు జోడించి, "తల్లీ, పసుపు కుంకుమ ఇస్తం, సల్లగ సాగిపో" అనేది. అమ్మకు దండం పెడుతున్నారో, అమ్మ లోపలున్న దానికి పెడుతున్నారో నాకు తెలిసేది కాదు. తల్లి, అంటే అమ్మవారు అన్నాక వెళ్ళగొట్టమని ఎవరు అంటారు? నాన్న పట్నం తీసుకుపోదామని ఒకసారి అన్నాడు. తల్లికి కోపం వస్తుందని నానమ్మ ఏడ్చింది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చివరి స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళు నన్నూ పిలిచారు. నీళ్ళు పోస్తూ అమ్మ ఎడమవైపు చూశాను. అది ఇక్కడ రాయను.

నాది వేరు. అమ్మది తల్లి, నాది కిరాయికి దిగిన మనిషి. రెండింటికీ పోలికే లేదు.

జూలై 4

పెద్దదయిందా? లేదు. నిన్న ఉన్నంతే ఉంది. అంతే ఉందనుకుంటా.

జూలై 6, ఆదివారం

పప్పు రుబ్బుతూ, కొన్నాళ్ళు ఓర్చుకొమ్మని ఆమెతో మాట్లాడుతున్నానట. పింకీ వెనకే వచ్చి నిలబడిన సంగతి నాకు తెలియలేదు.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ మమ్మీ?"

"ఎవరితోని మాట్లాడుత? పాట పాడుకుంటున్న."

"పాటల 'జర సైసు, ఇంకొన్ని రోజులు' అని ఉంటదా?" అని నవ్వుతూ వెనక నుంచి వచ్చి వాటేసుకుంది. దాని మోచెయ్యి సరిగ్గా ఎడమవైపు తగిలింది. "ఉక్కపోస్తుంది, దూరం జరుగు" అని విదిలించాను. గట్టిగానే విదిలించాను. పిల్ల మొహం చిన్నబోయింది. చిన్నప్పటి నుంచి నా ఒళ్ళో పడి దొర్లే పిల్ల అది. ఎప్పుడూ అట్లా తోసేయలేదు.

ఆమె మీద కోపం వచ్చింది మొదటిసారి. కానీ పాపం, ఆమె ఏం చేసింది? పడుకున్న చోటనే పడుకుని ఉంది.

జూలై 10, గురువారం

సమత ఖాళీ చేసింది. ఆషాఢంలోనే.

పొద్దున్నే ట్రాలీ ఆటో తెచ్చుకుంది. అత్త గేటుకు అడ్డం నిలబడింది. "గింత చెప్పినా వినకపోతివి బిడ్డా."

"మా ఆఫీసు సారు ఆషాఢం పోయేదాక ఆగనంటున్నడు అవ్వా. రోజు బస్సుల పోయి వచ్చేసరికి పానం పోతున్నది. దేవుడు ఏమన్నంటే నా పేరు చెప్పు" అని దండం పెట్టింది. అత్త కాసేపు సణిగి, చివరికి లోపలికి పోయి బొట్టుపెట్టె తెచ్చి, పిల్ల నుదుట కుంకుమ పెట్టి, ఒళ్ళో గుప్పెడు బియ్యం పోసింది. ఆటో మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

నేను పైకి పోయి గది ఊడ్చాను. మూలకు నాలుగు సేఫ్టీ పిన్నులు, ఒక చాక్‌పీసు ముక్క, గోడకు ఒక మేకు. ఊడ్చి తడిగుడ్డ పెట్టేసరికి ఉత్త గది. పైకప్పు ఊడిపడలేదు. సాయంత్రం సమత ఫోన్ చేసి చేరానని చెప్పింది, గాలి బాగా వస్తుందట, నీళ్ళు కూడా తీపేనట.

కదిలేవాళ్ళు ఆషాఢంలోనూ కదులుతారు. మరి ఎడమవైపు ఆమె నెల దాటినా మాట వరసకైనా పోతానని అనలేదు. తడి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు.

జూలై 12

చంకలో ఇంకోటి.

జూలై 13, ఆదివారం

తప్పుగా చూశాననుకున్నాను. బట్టలు ఆరేయడానికి చెయ్యెత్తినప్పుడు కూడా తగిలింది. చింతగింజంత. చెప్పకుండా చేయకుండా తన వాళ్ళను పిలిపించుకుంది. ఒక్కతే ఉంటుందనుకున్నాను. చుట్టాలు లేరనుకున్నాను. ఒక్కతే అని నాకు ఎవరు చెప్పారు? నేనే చెప్పుకున్నాను.

తలుపు గడియ పెట్టి అద్దంలో చూశాను. చెయ్యెత్తితే ఎడమవైపు చర్మం ఒకచోట లోపలికి గుంజుకుంది. గుంట పడింది. చెయ్యి దించితే లేదు. ఎత్తితే ఉంది. పింకీ తలుపు కొట్టేదాకా ఎత్తుతూ దించుతూ ఉన్నాను.

అమ్మకు కూడా అట్లాగే.

జూలై 14

శ్రావణం పదకొండు రోజుల్లో వస్తుంది. పదకొండు రోజులే కదా. పదకొండు రోజుల్లో ఎంత పెరుగుతుంది?

జూలై 15, మంగళవారం

అత్తకు తెలిసిపోయింది.

ఆదివారం బోనానికని అటక మీద నుంచి కుండ దించమంది. ఎడమ చెయ్యి చాపేసరికి చంకలో చురుక్కుమంది, కుండ జారి పగిలింది. కుండ పగిలితే ఇంతెత్తు లేచే మనిషి, ఈసారి పెంకుల వైపు చూడనే లేదు. నా మొహం చూసింది. రెక్క పట్టుకుని గదిలోకి తీసుకుపోయి గడియ పెట్టింది.

"జాకెట్ ఇప్పు."

"ఏం లేదత్తా."

"ఇప్పంటున్న గద."

ఇప్పాను. ఆమె చెయ్యి గరుకుగా ఉంటుంది. మెల్లగా తడిమింది. తడిమినంత సేపూ ఊపిరి తీయలేదు, నేనూ తీయలేదు.

"ఎప్పటిసంది?"

"నెల దాటింది."

"ఎందుకు చెప్పలే?"

అప్పుడు నాకేమైందో, అంతా చెప్పేశాను. ఒకామె కిరాయికి దిగిందనుకున్నానని, గోల చేయడం లేదు కదా అని ఊరుకున్నానని, ఆషాఢంలో ఖాళీ చేయించవద్దు కదా, శ్రావణం రాగానే చెబుదామనుకున్నానని. చెబుతుంటే నా మాటలు నాకే పిచ్చిమాటల్లా వినిపించాయి. కానీ లోపల ఉన్నప్పుడు ఇవే మాటలు ఎంత బుద్ధిగా ఉండేవో.

అత్త నోరు తెరుచుకుని వింది. తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడింది.

"కిరాయికి ఎవలిచ్చిండ్రే నీ పాడుగాను! దొంగది గోడకు కన్నమేస్తుంటే, ఆషాఢమని దీపం పట్టుకొని నిలబడ్డవా? నీకు సదువెందుకే, తెలివెందుకే?" అని తల బాదుకుంది. అంతలోనే కింద కూలబడింది. "నేనే గద అన్న. శూన్యమాసంల కదిలియ్యొద్దని నేనే గద ఒర్లిన. గా పోరికి చెప్తే నువ్వు పట్టుకున్నవా బిడ్డా?"

ఆమె ఏడవడం నేను మామ పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే. నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఎవరు ఎవరిని ఓదార్చారో తెలియదు. లేచేముందు కొంగుతో మొహం తుడుచుకుని, "రేపే పోతున్నం దవాఖానకు. ఆషాఢం పాపం నా నెత్తిన పడనీ" అంది.

దొంగ అనుకుని ఉంటే మొదటి రోజే అరిచేదాన్ని. సవతి అనుకున్నా రోజూ కొట్లాడేదాన్ని. మర్యాదస్తురాలు అనుకున్నాను, అందుకే మర్యాద చేశాను. పేరు నేను పెట్టాను, తర్వాత ఆ పేరు చెప్పినట్టల్లా నేను చేశాను. ఎవరో చేయించారని చెప్పడానికి కూడా లేదు.

జూలై 16, బుధవారం

మా ఆయనకు అత్తే చెప్పింది. ఆయన టమాటా బుట్టలు లోడు చేయిస్తున్నాడు. విన్నాడు. చేతులు కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. "కారు తియ్యాల్నా, బండి తియ్యాల్నా?" అన్నాడు చివరికి. ముగ్గురం బండి మీద ఎట్లా పోతాం? ఆయన కూడా నాలాంటివాడే. భయం వేస్తే పనికిరాని మాట ఒకటి పట్టుకుని వేలాడతాడు.

చేవెళ్లలో ఆ సందులోకే పోయాం. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. "ఎన్ని రోజుల నుంచి?" అని అడిగింది.

"ఆమె వచ్చి నెల దాటింది మేడం" అన్నాను.

"ఎవరు?"

నాలుక కొరుక్కున్నాను. అత్త నా వీపు మీద చెయ్యి పెట్టి, "గడ్డ మేడం. గడ్డ వచ్చి నెల దాటింది" అంది.

డాక్టరమ్మ గడ్డ చూసింది, చంకలో చూసింది, కుడివైపు కూడా చూసింది. చూస్తున్నంత సేపూ ఆమె మొహమే చూశాను. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు, అదే ఎక్కువ భయం పుట్టించింది. సిటీలో పెద్ద దవాఖానకు రాసిచ్చింది. ఆగవద్దు, రేపే పొండి అంది.

జూలై 18

నిన్న పెద్ద దవాఖానలో మిషన్లో పెట్టి ఫోటోలు తీశారు. ఇవాళ సూదితో ముక్క తీశారు. సూది పెద్దది. నా మోకాళ్ళ నొప్పులకని పింకీకి చెప్పి పోయాం.

జూలై 20, ఆదివారం

వాడకట్టు అంతా బోనాలు. డప్పుల చప్పుడుకు కిటికీలు అదురుతున్నాయి. అత్త కొత్త కుండ తెచ్చి బోనం ఎత్తుకుని పోయింది. నేను పోలేదు. అమ్మవారికి దండం పెడదామని చేతులు జోడిస్తే, ఆలూరులో అమ్మ మంచం ముందు జోడించిన చేతులే కళ్ళలో మెదిలాయి. దించేశాను. తప్పయితే క్షమించాలి.

జూలై 21

దవాఖాన నుంచి ఫోన్ రాలేదు.

జూలై 22

రాలేదు. పింకీ ఫోన్ మోగినా ఉలిక్కిపడుతున్నాను.

జూలై 24, గురువారం

క్యాన్సర్.

రాశాను. ఈ డైరీలో ఇన్ని పేజీలు రాసి, ఈ ఒక్క మాట ఇవాళే రాశాను.

పెద్ద దవాఖానలో డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. చంకలోకి పాకింది. ముందు మందు ఎక్కించాలి, గడ్డ తగ్గాక ఆపరేషను. జుట్టు పోతుంది, మళ్ళీ వస్తుంది. చాలామంది బాగవుతారు, అందరూ అని చెప్పలేను అన్నాడు. ముందే వచ్చి ఉంటే అని అడగబోయాను. అడగకముందే మా ఆయన అడిగాడు. డాక్టరు కాగితాలు సర్దుతూ, "ముందు వస్తే ముందు మొదలుపెట్టేవాళ్ళం. ఇప్పుడొచ్చారు, ఇప్పుడు మొదలుపెడదాం" అన్నాడు. అడిగినదానికి అది జవాబు కాదు, కానీ ముగ్గురికీ అర్థమైంది.

"ఇది ఎక్కడి నుంచి వచ్చింది సార్ లోపలికి?" అన్నాను.

"ఎక్కడి నుంచీ రాలేదమ్మా. మీ ఒంట్లోవే, మీ సొంత కణాలే. ఆగాల్సిన చోట ఆగకుండా పెరుగుతున్నాయి."

"బయటి నుంచి ఎవరూ రాలేదా?"

ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. "ఎవరొస్తారు?" అన్నాడు.

కారులో అత్త నా చెయ్యి పట్టుకుని, "ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు. వీళ్ళు పట్టిండ్రు గద. ఫికర్ చెయ్యకు బిడ్డా" అంది. ధైర్యం చెప్పాలని అంది. నాకు మాత్రం ఆ పేరు కూడా అతకలేదు. తల్లి అయితే మొక్కుకోవచ్చు. సవతి అయితే తిట్టవచ్చు. దొంగ అయితే అరిచి నలుగురిని పిలవవచ్చు. అక్కడ అసలు ఎవరూ లేరు. నెల పైగా నేను వంటింట్లో నిలబడి, ఉత్త గదితో, జర సైసు అని మాట్లాడాను. బతిమాలడానికి గానీ కొట్లాడటానికి గానీ అక్కడ మనిషి లేదు. నేనే ఉన్నాను.

భయంగా ఉంది. లేదు లేదు అని ఇన్నాళ్ళు రాసింది అబద్ధం. చాలా భయంగా ఉంది.

ఇంకొకటి రాయాలి. లేచి వస్తుంటే డాక్టరు అడిగాడు, ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని. మా అమ్మకు అన్నాను. ఏమైందని అడిగితే పోయిందన్నాను. "పిల్లలున్నారా?" అన్నాడు. "ఒక బిడ్డ" అన్నాను. ఆయన, "ఆ అమ్మాయికి తెలియాలి. తన ఒళ్ళు తను చూసుకోవడం నేర్పండి" అన్నాడు.

జూలై 25

శ్రావణం వచ్చింది.

జూలై 27, ఆదివారం

రేపు మొదటి మందు ఎక్కిస్తారు.

నిన్న రాత్రి తిన్నాక మా ఆయన, అత్త నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. "పిల్లకు ఇప్పుడే చెప్పకు. పరీక్షలున్నయి. కొవ్వు గడ్డ, తీసేస్తే అయిపోతది అందాం" అన్నాడు ఆయన. అత్త కూడా, "అవును, పసిది. దడుసుకుంటది. ఏదో ఒక పేరు చెప్దాం" అంది. ప్రేమతోనే అన్నారు. ఆలూరులో మా నానమ్మ కూడా ప్రేమతోనే అంది. నేను ఊఁ కొట్టాను.

మధ్యాహ్నం ఇద్దరూ తోటకు పోయాక పింకీని మేడమీదికి పిలిచాను. సమత ఖాళీ చేసిన గదిలోకి. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. తలుపు గడియ పెట్టాను. పిల్ల అప్పుడే ఏదో పసిగట్టింది. ఆ రోజు విదిలించినప్పటి నుంచి నా దగ్గరికి రావడానికి కూడా జంకుతోంది.

"మమ్మీ, మోకాళ్ళ నొప్పులు కాదు గదా?"

"కాదు. క్యాన్సర్. రొమ్ముల వచ్చింది, చంకలకు పోయింది. రేపటి నుంచి మందు ఎక్కిస్తరు."

చెప్పడానికి ఇంతే పట్టింది. నెల పైగా మోసిన మాట. పింకీ గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. పెదవులు మాత్రం తెల్లబడ్డాయి. నేను జాకెట్ హుక్కులు తీసి, "నీ చెయ్యి ఇటియ్యి" అన్నాను.

"వద్దు మమ్మీ."

"ఇయ్యి బిడ్డా. మా అమ్మది నేను ఆమె సచ్చినంక చూసిన. నువ్వు నేను బతికుండంగనే చూడు."

తనే వచ్చింది. వేళ్ళు మంచులా ఉన్నాయి. ఆ వేళ్ళను పట్టుకుని గడ్డ మీద పెట్టాను. తీసేసుకోబోయింది. వదల్లేదు.

"దొరికిందా?"

"దొరికింది."

"నొక్కు. నొప్పి ఉండదు. నొప్పి లేకపోవుడే దీని మోసం. గట్టిగ ఎట్లున్నదో చూడు, జరుపుతే జరుగుతలేదు చూడు. ఇగ చంకల. ఇక్కడ. దొరికిందా? ఇది గుర్తు పెట్టుకో. నెలకొకసారి తానం చేసేటప్పుడు నీ ఒళ్ళు నువ్వు చూసుకో. ఎప్పుడన్న గిట్లాంటిది తగిలితే, అదే పూట నాకు చెప్పు. నేను లేకపోతే బాపుకు చెప్పు, సిగ్గుపడకు. బాపు లేకపోతే రోడ్డు మీద పోయేటోళ్ళనన్న ఆపి చెప్పు. దానికి మాత్రం నువ్వు ఏ పేరూ పెట్టకు. గడ్డను గడ్డనే అను."

పింకీ అన్నీ విన్నదో లేదో తెలియదు. నా మాటల్లో ఒక్కటే పట్టుకుంది.

"నువ్వు లేకపోవుడేంది మమ్మీ?" అంది.

"నాకు భయమైతున్నది బిడ్డా" అన్నాను. "నాకు కూడా" అంది పింకీ. దాని చెయ్యి అట్లాగే నా ఎడమవైపు ఉంది. అది తీయలేదు, నేను విదిలించలేదు.